దొరికిన రాయి ఎవరిది?

పోయిన వారం వీడియోలో శమంతకమణి కథ చెప్పుకున్నాం కదా. దాని కింద చాలామంది ఒకే ప్రశ్న వేశారు: "ఇంత గొడవ పడి, గుహలో యుద్ధం చేసి తెచ్చిన మణిని కృష్ణుడు తన దగ్గరే ఎందుకు ఉంచుకోలేదు?" మంచి ప్రశ్న. బుధవారం రాత్రి కూర్చుని జవాబు రాసేశాను కూడా. నిష్కామకర్మ, ఫలాపేక్ష లేకపోవడం, అపరిగ్రహం... ఇలా మనకి తెలిసిన మాటలే. చదువుకుంటే బాగానే అనిపించింది. షెడ్యూల్ చేసి పడుకున్నాను.

శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి ఒక చోటికి వెళ్ళొచ్చాక ఆ పోస్ట్ తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పాలంటే ఆ ట్రిప్ గురించే చెప్పాలి, మా ఊరి గురించి కూడా చెప్పాలి. కాస్త పెద్ద పోస్ట్. ఓపిక పట్టండి.

మేం ముగ్గురం డాలస్ దగ్గర ఉంటాం. ఒకడిది గుంటూరు, ఒకడిది వరంగల్, నాది కర్నూలు జిల్లా. ముగ్గురం సాఫ్ట్‌వేరే, ముగ్గురికీ వీకెండ్ వస్తే ఏం చెయ్యాలో తెలియని జబ్బే. గుంటూరు వాడు రీల్‌లో చూశాడట: అర్కన్సాలో ఒక స్టేట్ పార్క్ ఉంది, పది పదిహేను డాలర్ల టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి మట్టి తవ్వుకోవచ్చు, వజ్రం దొరికితే మనమే ఇంటికి తెచ్చుకోవచ్చు. పేరు క్రేటర్ ఆఫ్ డైమండ్స్. మర్ఫ్రీస్‌బరో అనే చిన్న ఊరి పక్కన. తెల్లవారుజామున నాలుగున్నరకి పులిహోర డబ్బాలు సర్దుకుని బయల్దేరాం. టెక్సార్కానా దాటేదాకా హైవే, ఆ తర్వాత పైన్ చెట్ల మధ్య సన్నటి రోడ్లు. ఫోన్‌లో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మొత్తం దాదాపు నాలుగు గంటలు.

స్టేట్ పార్క్ అనగానే కొండలు, జలపాతాలు ఊహించుకోకండి. చుట్టూ అడవి, మధ్యలో 37 ఎకరాల దున్నిన చేను. అంతే. పైరు లేదు, చెట్టు లేదు. పార్క్ వాళ్ళే అప్పుడప్పుడు ట్రాక్టర్‌తో దున్నుతారు, కింది మట్టి పైకి రావడానికి. అందులో జనం మోకాళ్ళ మీద కూర్చుని, పారలతో, జల్లెడలతో, బకెట్లతో. చిన్నపిల్లలు, రిటైరైన వాళ్ళు, మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకున్న సీరియస్ మనుషులు.

కారు దిగి ఆ చేను చూడగానే నా కాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఇది నేను చూసిన దృశ్యమే. చిన్నప్పటి నుంచీ ఏటా చూసిందే.

మా ఊరు తుగ్గలి వైపు. జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర, అటు అనంతపురం జిల్లాలో వజ్రకరూరు, ఈ పేర్లు మీరు జూన్ నెలలో టీవీ న్యూస్‌లో వినే ఉంటారు. తొలకరి వాన పడి మట్టి కొట్టుకుపోగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో వంగి నడుస్తుంటారు. కొందరు చెట్ల కింద వండుకుని అక్కడే పడుకుంటారు. వాళ్ళు వెతికేది రాయి. మా వైపు వజ్రం అని ఎవరూ అనరు, "రాయి దొరికిందంట" అంటారు. దొరికిన మరుగంటకే వ్యాపారి మనిషి వస్తాడు. బిల్లు ఉండదు, చప్పుడు ఉండదు.

కాకపోతే మా ఊళ్ళో లేనిది ఒకటి ఇక్కడ గేటు దగ్గరే బోర్డు మీద ఉంది. దొరికితే మీదే. ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనా మీదే. పైగా పార్క్ వాళ్ళే ఫ్రీగా పరీక్ష చేసి, తూచి, ఇది ఫలానా అని కాగితం రాసిస్తారు.

ఇక్కడికి ఈ రూల్ ఊరికే రాలేదు. 1906లో జాన్ హడిల్‌స్టన్ అనే రైతుకి తన పొలంలో మొదటి రాళ్ళు దొరికాయి. 36,000 డాలర్లకి పొలం అమ్మేశాడు. తర్వాత కంపెనీలు వచ్చాయి, తవ్వాయి, చాలావరకు నష్టపోయాయి. 1972లో రాష్ట్ర ప్రభుత్వం కొని పార్క్ చేసింది. అప్పటి నుంచి వచ్చిన జనానికి దొరికినవి 35,000 పైనే అంటారు. ఎక్కువ భాగం అగ్గిపుల్ల తలంత చిన్నవి. కానీ అమెరికాలో ఇప్పటిదాకా దొరికిన అతి పెద్ద వజ్రం కూడా ఇక్కడిదే, 40.23 క్యారెట్లు, 1924లో. పేరు అంకుల్ శామ్. ఆ పేరు దేశం గురించి పెట్టారనుకున్నాను. కాదట. దాన్ని కనిపెట్టిన పనివాడి ముద్దుపేరు అది. అతను కంపెనీలో కూలీ. రాయి కంపెనీది అయింది, అతనికి పేరు మిగిలింది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఈ సంగతి చదివాక కాసేపు పార చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎందుకో చెప్తాను. ఇది మా ఇంట్లో తప్ప బయట ఎప్పుడూ చెప్పలేదు.

2013 జూన్. నేను ఇంటర్ సెకండియర్‌లోకి వస్తున్నాను. మాకు ఆరెకరాల మెట్ట, బుడ్డలు వేసేవాళ్ళం. అంటే వేరుశనగ, సిటీ వాళ్ళ కోసం చెప్తున్నా. విత్తనానికి ముందు చేను శుభ్రం చెయ్యడానికి ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళు కూలికి వచ్చారు. అందులో ఒకామె. యాభై దాటి ఉంటాయి. ఏళ్ళుగా మా చేలోకి వచ్చే మనిషే. మధ్యాహ్నం ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. మా అవ్వని పక్కకి పిలిచి, కొంగు ముడి విప్పి, శనగ గింజంత రాయి ఒకటి చేతిలో పెట్టింది. "మీ చేలో దొరికెమ్మా. ఏమో చూడండి" అంది. అంతే. మళ్ళీ పనికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా పని చేసింది.

వ్యాపారి తొమ్మిది లక్షలు ఇచ్చాడు. దాని అసలు ధర ఎంతో ఇప్పటికీ మాకు తెలియదు.

ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. మా తాత మాట ఒక్కటే: "చేను మనది, రాయి మనది. ఆయమ్మకు కూలి ఇచ్చినాం కదా." మా అవ్వ: "ఆయమ్మ కొంగున కట్టుకోని పొయ్యింటే నీకు తెలిసేదా? సగమన్నా ఇయ్యి." మా నాన్న ఏమీ అనలేదు. చివరికి ఆమెకి లక్ష రూపాయలు, ఒక పట్టుచీర ఇచ్చారు. ఆమె తీసుకుంది. ఇంకా ఇవ్వమని అడగలేదు, కోపం తెచ్చుకోలేదు. ఊళ్ళో మా తాతకి మంచి పేరే వచ్చింది, "లక్ష ఇచ్చినాడంట" అని. ఎందుకంటే ఇంకో చోటైతే పది వేలు చేతిలో పెట్టి పంపేవాళ్ళు.

మిగతా ఎనిమిది లక్షల్లో అప్పులు పోగా ఉన్నది నా బీటెక్‌కి పోయింది. ఫీజు, హాస్టల్, లాప్‌టాప్. ఇప్పుడు నేను కూర్చున్న ఈ కుర్చీ దాకా వచ్చిన దారి అక్కడే మొదలైంది.

కాస్త పెద్దయ్యాక, పుస్తకాలు నాలుగు చదివాక, మన ఛానెల్ పని మొదలుపెట్టాక, నాకు తాత మీద ఒక చిన్నచూపు ఏర్పడింది. పైకి అనలేదు. లోపల మాత్రం "లోభం" అని ఒక లేబుల్ అతికించి పెట్టుకున్నాను. నేనైతే సగం ఇచ్చేవాణ్ణి అనుకునేవాణ్ణి. మొత్తం ఇచ్చేసేవాణ్ణని కూడా కొన్నిసార్లు అనుకున్నాను, ముఖ్యంగా భగవద్గీత వీడియోకి స్క్రిప్ట్ రాసే రోజుల్లో.

ఇక పార్క్ సంగతి. పద్ధతి ఇదీ: చేలో మట్టి తవ్వి బకెట్‌లో నింపాలి. దాన్ని నీటి తొట్ల దగ్గరికి మోసుకొచ్చి, రెండు సైజుల జల్లెడల్లో కడగాలి. మట్టి పోయి సన్న కంకర మిగులుతుంది. వజ్రం మామూలు రాళ్ళకంటే బరువు, కాబట్టి జల్లెడని నీళ్ళలో ఒక లయలో ఆడిస్తే అడుగున మధ్యలోకి చేరుతుంది. అప్పుడు జల్లెడని బల్ల మీద బోర్లించి, ఒక్కో రాయీ చూసుకోవాలి. వజ్రానికి మట్టి అంటదు, నున్నగా నూనె రాసినట్టుంటుంది. చెప్పడానికి తేలికే. ఒక బకెట్ మట్టి మోసుకొచ్చేసరికి నా నడుము పని అయిపోయింది. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్‌లు వేరు, ఇది వేరు. మధ్యాహ్నం దాకా నాలుగు బకెట్లు. ఏమీ లేదు. పులిహోర మాత్రం అద్భుతంగా ఉంది.

ఐదో బకెట్ కంకర చూసేసి, ఏమీ లేదని చేత్తో పక్కకి తోసేశాను. అక్కడ అందరూ పారేసిన కంకర కుప్పగా పడి ఉంటుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ తెల్లబ్బాయి ఒకడు వాళ్ళ అమ్మమ్మతో వచ్చి ఆ కుప్పలోనే వెతుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు. నేను తోసిన కంకరలోంచే ఏదో తీశాడు. ఎండకి తళుక్కుమంది. వాడు నా వైపు చూసి అడిగాడు, ఇది నీదా అని.

నా నోరు వెంటనే జవాబిచ్చింది. "లేదు లేదు, నువ్వే కదా చూశావు, నీదే." నవ్వుతూ కూడా చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ థాంక్స్ చెప్పింది. ఇద్దరూ పరీక్ష చేయించడానికి లోపలికి వెళ్ళారు.

నోరు అలా అంది కానీ లోపల ఏం జరిగిందో చెప్తాను, దాచకుండా. అది నా కంకర. ఆ బకెట్ నేను తవ్వాను, నేను మోశాను, నేను కడిగాను. వీడు ఊరికే కుప్పలో చెయ్యి పెట్టాడు. వీడికి ముందు ఒక్క నిమిషం నేను సరిగ్గా చూసి ఉంటే. అక్కడితో ఆగలేదు. అది ఎంత ఉంటుంది, ఒక క్యారెట్ ఉంటుందా, వజ్రమని తేలితే పేరు ఎవరి పేరున రాస్తారు, నేను వెళ్ళి "అది నేను తవ్విన మట్టిలోది" అంటే ఏమంటారు, కనీసం సగం అడగొచ్చా. సగం! అవ్వ నోట్లో మా ఇంట్లో వినపడిన మాటే. కాకపోతే అవ్వ ఇవ్వడానికి అడిగింది, నేను తీసుకోవడానికి.

కాళ్ళు వాటంతట అవే ఆఫీసు వైపు నడిచాయి. నా జేబులో ఉన్న రెండు గులకరాళ్ళు చూపించే నెపంతో వాళ్ళ వెనకే క్యూలో నిలబడ్డాను. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేను తాతకంటే చిన్నవాణ్ణి అయిపోయాను. ఆయనకి కనీసం చేను తనది. నాకు ఏముంది? ఒక టికెట్, పైగా నేనే "నీదే" అని చెప్పిన మాట.

కౌంటర్ దగ్గర ఆమె లెన్స్‌తో చూసి, నవ్వి, క్వార్ట్జ్ అంది. చెకుముకి జాతి రాయి. అబ్బాయి మొహం ఒక్క క్షణం వాడిపోయింది, మళ్ళీ వెంటనే "అయినా నేను ఉంచుకోవచ్చా?" అని అడిగాడు. ఉంచుకోవచ్చంది. వాడు గంతులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు ఊపిరి ఆడింది. ఆ రిలీఫ్ దేనికో నాకు బాగా తెలుసు. వాడు నష్టపోయినందుకు కాదు. ఒకవేళ అది వజ్రమే అయ్యుంటే నేనెలాంటివాణ్ణో తేలిపోయేది, అది తేలకుండా తప్పించుకున్నందుకు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా ఫ్రెండ్స్‌కి చెప్పాను, ఊరి సంగతితో సహా. వరంగల్ వాడు డ్రైవ్ చేస్తున్నాడు. వాడెప్పుడూ సరిగ్గా నొప్పి ఉన్న చోటే గుచ్చుతాడు. "మరి నువ్వు రాసే కోడ్ ఎవరిది రా? నీ పేరు మీద ఒక పేటెంట్ అప్లికేషన్ పోయింది కదా, అది కంపెనీది కాదా? నీకు జీతం ఇచ్చారు, అయిపోయింది. మీ తాత అన్నది కూడా అదే. కూలి ఇచ్చినం కదా. ఆయన్ని లోభి అంటే మరి నీ కంపెనీని ఏమంటవ్?" అన్నాడు.

టెక్సార్కానా దాకా నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కొంత తట్టింది. కంపెనీలో చేరిన రోజే కాగితం మీద రాసుంది, ఇక్కడ నువ్వు కనిపెట్టేది మాది అని. నేను చదివి, చదవక, ఏదైతేనేం, సంతకం పెట్టాను. నన్ను పెట్టుకున్నదే కొత్తవి కనిపెట్టడానికి. ఆమెని పెట్టుకున్నది చేను శుభ్రం చెయ్యడానికి. రోజుకి ఇంత అని చెప్పింది కంపకి, రాళ్ళకి. వజ్రానికి కాదు. ఆ కూలిలో ఆ రాయి ధర ఎక్కడా లేదు.

గుంటూరు వాడు వెనక సీట్లోంచి ఇంకో మాట అన్నాడు. వాళ్ళ జిల్లా వాడు కదా, కొల్లూరు గర్వం ఉంటుంది. (ఇప్పుడది పల్నాడు జిల్లా, ఆ గనులున్న చోటు పులిచింతల నీళ్ళలో మునిగింది.) కోహినూరు అక్కడిదే అని చాలామంది నమ్మకం. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి కొల్లూరు వచ్చి చూసి, గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు, ఆడవాళ్ళు, పిల్లలతో సహా. "ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరైనా తెలుసారా మనకి? కోహినూరు ఇండియాదా, పాకిస్తాన్‌దా, ఇంగ్లండ్‌దా అని కొట్టుకుంటాం. తవ్వి తీసిన చెయ్యి ఎవరిదో ఎవడూ అడగడు." వాడు సరదాగానే అన్నాడు. ఎవరం నవ్వలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, షెడ్యూల్ చేసిన పోస్ట్ మళ్ళీ చదువుకున్నాను. ప్రతి వాక్యం కరెక్టే. కానీ అంతా "ఆశ పడకు" అనే మాట చుట్టూ తిరుగుతోంది. ఆశ పడొద్దని ఎవరికి చెప్తున్నాం? మా ఊళ్ళో ఆమెకి ఆ మాట చెప్పక్కర్లేదు, ఆమె కొంగు విప్పి ఇచ్చేసింది. ఫలం మీద అధికారం లేదు అనే మాటని మనం ఆఫీసులో అప్రైజల్ రాని రోజు ఊరటకి వాడుకుంటాం, పరవాలేదు. కానీ తన దగ్గర రాయి ఉంచుకున్నవాడు, ఇచ్చేసిన మనిషికి ఆ మాట చెప్తే అది వేదాంతం కాదు. తొమ్మిది లక్షలు జేబులో పెట్టుకుని "డబ్బు మాయ" అన్నట్టు ఉంటుంది.

శాస్త్రం ఏమంటుందో చూద్దామని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీశాను, భూమిలో దొరికే నిధుల గురించి ఉంటుంది. రాజుకి సగం, ఎందుకంటే భూమికి అధిపతి, రక్షణ ఇస్తాడు కాబట్టి. విద్వాంసుడైన బ్రాహ్మణుడికి దొరికితే మొత్తం అతనే ఉంచుకోవచ్చు. మొహమాటం లేకుండా చెప్తున్నా, నాకు అక్కడ జవాబు దొరకలేదు. దొరికినవాడు ఎవరు అన్నదాన్ని బట్టి రూల్ మారితే, మా చేలో వంగి పనిచేసిన మనిషికి అందులో చోటు ఎక్కడ? ఇంగ్లండ్‌లో జాన్ లాక్ అని ఒకాయన ఉండేవాడు, 17వ శతాబ్దం వాడే. నీ శ్రమ దేనిలో కలిస్తే అది నీది అవుతుందన్నాడు, ఇతరులకి కూడా సరిపడా మిగిల్చితేనే అని ఒక షరతు పెట్టి. విని బాగుందనుకున్నాను. తర్వాత ఆ బకెట్ గుర్తొచ్చింది. తవ్వింది నేను, చూసింది అబ్బాయి. శ్రమ లెక్కలోకి దిగితే నాది నాదే అని నిరూపించుకోడానికి నాకు మంచి లాజిక్ దొరుకుతోంది. అదే భయమేసింది. మా తాతకీ అలాగే దొరికుంటుంది.

ఈశావాస్య ఉపనిషత్తు మొదటి మంత్రం మీలో చాలామందికి కంఠస్థం. ఇదంతా ఈశ్వరుడితో నిండి ఉంది, విడిచిపెట్టి అనుభవించు, ధనం కోసం అర్రులు చాచకు అన్న భావం. ఆ చివరి భాగానికి శంకరాచార్యులు రెండు అర్థాలు చెప్తారు. ఒకటి, ఎవరి ధనాన్నీ కోరుకోకు. రెండోది, కోరుకోకు, అసలు ధనం ఎవరిదని? మొదటిది ఆజ్ఞ, రెండోది ప్రశ్న. ఇన్నాళ్ళూ నాకు రెండోదే గొప్పగా అనిపించేది. ఏదీ ఎవరిదీ కాదు, ఎంత విశాలం! ఇప్పుడు మొదటిదే ముందు రావాలనిపిస్తోంది. ధనం ఎవరిదీ కాదు అనే మాట, ఇతరుల వాటా ఇచ్చేశాక మాట్లాడాల్సిన మాట. ఇవ్వకముందే అంటే అది తప్పించుకోవడం.

ఇక కృష్ణుడు. కథ మళ్ళీ మొదటి నుంచి చూడండి. సూర్యుడు సత్రాజిత్తుకి మణి ఇచ్చాడు, రోజూ ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణి. కృష్ణుడు ఉగ్రసేనుడి కోసం అడిగితే సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. అతని తమ్ముడు ప్రసేనుడు వేసుకుని వేటకి పోయాడు, సింహం చంపింది. సింహాన్ని జాంబవంతుడు చంపి మణిని పసిపిల్ల ఉయ్యాలకి ఆటబొమ్మగా కట్టాడు. నింద కృష్ణుడి మీద పడింది. ఆయన అడవిలో జాడలు పట్టుకుంటూ వెళ్ళాడు, 28 రోజులు జాంబవంతుడితో పోరాడాడు, మణి తెచ్చాడు. ఈ లెక్కన చూస్తే మణి మీద ఆయనకి ఎంత బలమైన హక్కుందో! వెతికింది ఆయనే, కష్టపడింది ఆయనే, గెలిచింది ఆయనే. జాంబవంతుడు తానే స్వయంగా ఇచ్చాడు కూడా. మా వాళ్ళ మాటలో చెప్పాలంటే తవ్విన చెయ్యి ఆయనది, మోసిన భుజం ఆయనది.

అయినా సభలో అందరి ముందూ సత్రాజిత్తు చేతిలో పెట్టేశాడు. సత్రాజిత్తు సిగ్గుపడి సత్యభామతో పాటు మణిని కూడా ఇస్తే, సత్యభామని స్వీకరించి మణిని తిప్పి పంపాడు. తర్వాత సత్రాజిత్తు హత్య జరిగి మణి అక్రూరుడి దగ్గర తేలినప్పుడు కూడా, అందరికీ ఒకసారి చూపించమని అడిగి ఆయన దగ్గరే ఉండనిచ్చాడు.

నాకు ఇప్పుడు కనిపిస్తున్నది ఏమిటంటే, ద్వారక నుంచి బయల్దేరేటప్పటికే ఆ మణి ఎవరిదో కృష్ణుడికి నిశ్చయమైపోయింది. చేతికి వచ్చాక ఆలోచించలేదు. గుహలో ఉయ్యాల దగ్గర తళుక్కుమన్నప్పుడు లెక్క మొదలుపెట్టలేదు. ఆ పార్క్‌లో జనం కొట్టుకోకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటా. అక్కడివాళ్ళు మనకంటే మంచివాళ్ళని కాదు, నన్ను చూశారుగా, నేనూ అక్కడే ఉన్నాను. రాయి బయటపడకముందే, దాని ధర ఎవరికీ తెలియకముందే, చేను సొంతదారు తన వాటా వదులుకున్నట్టు గేటు మీద రాసి పెట్టాడు. మా ఇంట్లో ఆ మాట రాయి బల్ల మీదకి వచ్చాక మొదలైంది. తొమ్మిది లక్షలు ఎదురుగా పెట్టుకుని న్యాయం మాట్లాడితే ఎవరి న్యాయమైనా కాస్త ఒంగుతుంది.

కానీ ఇదంతా చెప్పాక కూడా ఒక విషయం మిగిలే ఉంది. రూల్ లేనప్పుడు ఏం చేసింది ఆమె? ఏ బోర్డూ లేదు, ఏ కాగితమూ లేదు. కొంగులో ముడి వేసుకుని గుంతకల్లు బస్సెక్కితే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె నిజాయితీ వల్లే ఆ రాయి మా గడప తొక్కింది. అంటే మేం ఉంచుకున్నది మా చేను ఫలం అనుకున్నాం కానీ, అది ఆమె సత్యానికి వచ్చిన ఫలం. దాంట్లోంచే నా ఫీజు కట్టారు. తాతని లోభి అన్నాను కదా, ఆ ఎనిమిది లక్షలని పన్నెండేళ్ళుగా మోస్తున్నది తాత కాదు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఆదివారం పొద్దున నాన్నకి ఫోన్ చేశాను. ఆమె గురించి అడిగాను. కాసేపు లైన్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "ఇప్పుడెందుకురా అది" అన్నాడు. "ఊరికే నాన్నా" అన్నాను, అలా అన్నందుకు నా మీద నాకే చిరాకేసింది. మళ్ళీ చెప్పాను, "ఊరికే కాదు, ఆమెకి రావాల్సింది ఆమెకి ఇద్దామని." ఆమె ఇంకా ఉందట. చూపు తగ్గిందట, ఆపరేషన్ చేయించుకోలేదట. కొడుకు ఆటో నడుపుతాడు. నాన్న ఇంకేం మాట్లాడకుండా ఫోన్ అవ్వకిచ్చాడు.

అవ్వకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విన్నాక "ఎంత ఇస్తావు?" అంది.

మూడున్నర లక్షలు అన్నాను. సగంలోంచి అప్పుడిచ్చిన లక్ష తీసేసి లెక్కేశాను. ఇంజనీర్ని కదా.

"పన్నెండేండ్లకు వడ్డీ?" అంది అవ్వ.

సోమవారం రాత్రి నాన్న ఆ అబ్బాయి నంబర్ పంపాడు, కింద ఏమీ రాయకుండా. వడ్డీ లెక్క నేనింకా వేస్తూనే ఉన్నాను. ఏ రేటు వెయ్యాలో తెలియడం లేదు. బ్యాంకు రేటా, ఊళ్ళో రెండు రూపాయల వడ్డీయా, లేక బీటెక్ నాకు తెచ్చిపెట్టినదాంట్లో వాటాయా. వచ్చే వారం వీడియో శమంతకోపాఖ్యానం రెండో భాగం, అక్రూరుడి దగ్గర మణి దొరికే ఘట్టం. స్క్రిప్ట్ నేనే రాయాలి. దానికి ముందు ఈ ఫోన్ చెయ్యాలి.